కుడిచేతి నాడి

మగవాడైతే కుడిచేయి, ఆడమనిషైతే ఎడమచేయి. గోదావరి లంకల్లో నాడి చూసే వైద్యుడి ముందు కూర్చున్నవారికి ఈ మాట ఎవరూ చెప్పాల్సిన పని ఉండేది కాదు. మగమనిషి కండువా సర్దుకుని కుడిచేయి చాపేవాడు. వైద్యుడు బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర మూడు వేళ్లు ఆనించి కాసేపు కళ్లు మూసుకునేవాడు. చూపుడువేలి కింద వాతం, నడిమివేలి కింద పిత్తం, ఉంగరపువేలి కింద కఫం. నాడి పాములా పాకుతోందా, కప్పలా గెంతుతోందా, హంసలా నింపాదిగా నడుస్తోందా? అదీ లెక్క. తెలుగు వైద్యుల ఇళ్లలో తరతరాలు నలిగిన బసవరాజీయం నాడీపరీక్షకు పెద్దపీట వేసింది. అంతకుముందే శార్ఙ్గధర సంహిత నాడి నడకలను పక్షుల, జంతువుల నడకలతో పోల్చింది. ఆగి ఆగి కొట్టుకునే నాడి ప్రాణానికి ముప్పని హెచ్చరించింది.

చేయి మార్చడం శాస్త్రాచారం. మగవాళ్ల గుండెకూ ఆడవాళ్ల గుండెకూ కొట్టుకునే తీరులో తేడా ఉందని ఆ వైద్యులు కొలిచి చెప్పింది కాదు. కానీ కొలిచే యంత్రం వచ్చాక తేడా నిజంగానే బయటపడింది. అది చేతిలో లేదు. ప్రతి దెబ్బ కొట్టాక గుండె తేరుకోవడానికి తీసుకునే సమయంలో ఉంది. ఆ సమయాన్ని మగవాళ్లలో కుదించేది పురుష హార్మోన్. ఈ సంగతి తెలియడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథలో కోడిపుంజులున్నాయి, ఫ్రెంచి ప్రొఫెసర్లున్నారు, యానాం ఎదుట ఉన్న సముద్రం కూడా ఉంది.

పుంజులు, కోడెలు

మగతనం ఎక్కడ ఉంటుందో డెల్టా రైతుకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. కోడెదూడను కాడికి అలవాటు చేసేముందు విత్తులు కొట్టించేవారు. ఆ తర్వాత దాని పొగరు అణిగేది, కయ్యానికి కాలుదువ్వడం మానేది, అరకకు కడితే చెప్పినట్టు నడిచేది. కొట్టించకుండా దేవుడి పేరిట వదిలేసినది ఆంబోతై ఊరంతా తిరిగేది. ఒకే ఆవు కన్న రెండు కోడెలు రెండు రకాల జంతువులుగా ఎదగడం ప్రతి ఊళ్లోనూ కళ్లెదుట కనిపించే విషయం.

వైద్యులకూ ఇది తెలుసు. ఆయుర్వేదం తన ఎనిమిది అంగాల్లో ఒకదాన్ని వాజీకరణానికే కేటాయించింది. చరక సంహిత చికిత్సాస్థానంలో రెండో అధ్యాయం పూర్తిగా దాని గురించే. సుశ్రుతుడు ఇంకాస్త ముందుకు వెళ్లి, మేక వృషణాలు వేసి కాచిన పాలలో నువ్వులు నానబెట్టి తినమన్నాడు. మగసిరి ఆ అవయవంలోనే ఉంది కాబట్టి దాన్నే తింటే వస్తుందన్న ఊహ అది. ఆ ఊహ దేశాలు దాటి, శతాబ్దాలు దాటి, పారిస్‌లో ఒక ప్రొఫెసర్ చేతి సూదిలోకి కూడా వచ్చింది.

దానికి ముందు కోడిపుంజుల వంతు. సంక్రాంతికి భీమవరం నుంచి అమలాపురం దాకా డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ పుంజుల రంగులు చూసి జాతకాలు చెప్పేవాళ్లకు ఈ ప్రయోగం ఇట్టే అర్థమవుతుంది. 1848 ఆగస్టులో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శరీరశాస్త్రవేత్త ఆరు పడుచు పుంజుల వృషణాలు తీసేశాడు. రెంటిని అలాగే వదిలేశాడు. వాటి తురాయి ఎదగలేదు, కూత మారలేదు, పోట్లాటకు దిగలేదు. మిగతా నాలుగింటికి తీసిన వృషణాన్నే కడుపులో మరోచోట అమర్చాడు. కొన్నిటికి సొంతది, కొన్నిటికి పక్కపుంజుది. ఆ నాలుగూ ఎర్రటి తురాయిలతో, గొంతెత్తి కూస్తూ, కాలు దువ్వుతూ మామూలు పుంజులే అయ్యాయి. నరాలు తెగిపోయాయి కనుక ఈ పని నరాలది కాదు. వృషణం నుంచి రక్తంలోకి ఏదో దిగుతోంది. 1849లో అచ్చయిన ఆ నాలుగు పేజీల వ్యాసాన్ని హార్మోన్ల శాస్త్రానికి తొలి అడుగుగా ఇవాళ లెక్కిస్తున్నారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పోర్ట్ లూయీ కుర్రవాడు

గౌతమీ గోదావరి కోరంగి పాయతో విడిపోయే చోట ఉంది యానాం. ఫ్రెంచివాళ్లు 1723లో మొదట దిగారు, నాలుగేళ్లకే వదిలేసి మళ్లీ 1731లో వచ్చారు. పక్కనే కోరంగి, ఓడలు కట్టి, ఓడలు బాగుచేసి బతికిన రేవు. ఈ రెండు చోట్ల నుంచీ సరుకుతోపాటు మనుషులూ సముద్రం దాటారు. 1828లో యానాం నుంచి బయల్దేరిన పదిహేనుమంది తెలుగు కూలీలు అప్పటి బూర్బోన్ దీవిలో, అంటే నేటి రీయూనియన్‌లో దిగారు. ఒప్పందం మీద అక్కడి చెరుకు తోటల్లోకి వెళ్లిన మొదటి భారతీయులు వాళ్లే. 1830ల నడుమ నుంచి పక్కదీవి మారిషస్‌కూ వలస మొదలైంది. కోరంగిలో ఓడెక్కినవారు కాబట్టి మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగి అన్న పేరే స్థిరపడింది. 1839 నవంబరు తుపాను కోరంగిని తుడిచిపెట్టినా ఆ పేరు మాత్రం హిందూ మహాసముద్రం అవతల ఉండిపోయింది.

ఆ తర్వాత తెలుగు కూలీల ఓడలు లంగరు వేసిన మారిషస్ రేవు పోర్ట్ లూయీలోనే 1817 ఏప్రిల్ 8న షార్ల్ ఎడువార్ బ్రౌన్ సెకార్ పుట్టాడు. తండ్రి అమెరికా ఓడ కెప్టెన్. బిడ్డ పుట్టకముందే సముద్రంలో గల్లంతయ్యాడు. తల్లి ఫ్రెంచి వంశస్థురాలు. కుర్రవాడు ఇరవై ఏళ్లు దాటాక వైద్యం చదవడానికి పారిస్ వెళ్లాడు. 1854లో మారిషస్‌లో కలరా వ్యాపించిన రోజుల్లో తిరిగివచ్చి రోగులకు సేవ చేశాడు. మందు పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి రోగి వాంతిని తానే మింగి, నల్లమందు వేసుకుని చూశాడు. తన ఒంటి మీదే ప్రయోగం చేసుకోవడం ఆయనకు చివరిదాకా పోని అలవాటు.

1878లో శరీరశాస్త్రవేత్త క్లోద్ బెర్నార్ చనిపోయాక కొలెజ్ ద ఫ్రాన్స్‌లో ఆయన పీఠం బ్రౌన్ సెకార్‌కు దక్కింది. పదకొండేళ్ల తర్వాత, 1889 జూన్ 1న, పారిస్ జీవశాస్త్ర సంఘం ముందు 72 ఏళ్ల ఆ ప్రొఫెసర్ నిలబడి చెప్పిన సంగతి ప్రపంచాన్ని కుదిపేసింది. కుక్కపిల్లల, గినీపందుల వృషణాలను నీళ్లతో నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని తన చర్మం కిందికి ఎక్కించుకున్నానన్నాడు. మెట్లు చకచకా ఎక్కుతున్నానన్నాడు. ప్రయోగశాలలో గంటల తరబడి నిలబడగలుగుతున్నానన్నాడు. ముంజేతి బలాన్ని యంత్రంతో కొలిచి అంకెలు చూపించాడు. మూత్రం ఎంత దూరం పడుతోందో కూడా కొలిచాడు.

ఆ మాట విన్న మరుసటి నెలల నుంచే యూరప్‌లో, అమెరికాలో ఆ ద్రవం సీసాల్లో అమ్మకానికి వచ్చింది. ఏ జబ్బుకైనా అదే మందన్న ప్రచారం సాగింది. బ్రౌన్ సెకార్ 1894లో కన్నుమూశాడు. వ్యాపారం మాత్రం ఆగలేదు. 1920లో అదే పారిస్‌లో సెర్జ్ వొరొనోఫ్ అనే సర్జన్ కోతి వృషణపు ముక్కలను మనుషులకు అతికించడం మొదలుపెట్టాడు. యవ్వనం తిరిగొస్తుందని ధనవంతులు వరుసకట్టారు.

2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రౌన్ సెకార్ చెప్పిన పద్ధతిలోనే ఆ ద్రవాన్ని మళ్లీ తయారుచేసి చూశారు. అందులో పురుష హార్మోన్ ఉన్నా లేనట్టే. వృషణం హార్మోన్‌ను తయారు చేస్తుంది గాని దాచుకోదు. పైగా అది నీళ్లలో సరిగా కరగదు. ముసలి ప్రొఫెసర్‌కు వచ్చిన బలం నమ్మకం వల్ల వచ్చింది. సుశ్రుతుడి నువ్వులకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

తురాయి కొలత

అసలు పదార్థాన్ని పట్టుకోవడానికి మళ్లీ కోళ్లే కావలసివచ్చాయి. 1927లో షికాగోలో ఫ్రెడ్ కోచ్, లెమ్యూల్ మెగీ కబేళా నుంచి తెచ్చిన నలభై పౌన్ల ఎద్దు వృషణాల నుంచి 20 మిల్లీగ్రాముల సారం తీశారు. అది పనిచేస్తోందని ఎలా తెలిసింది? విత్తులు తీసిన పుంజుకు ఆ సారం ఎక్కిస్తే వాడిపోయిన తురాయి మళ్లీ ఎదిగి ఎర్రబడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పురుష హార్మోన్ బలానికి తురాయి పెరుగుదలే కొలబద్ద. 1931లో జర్మనీలో అడాల్ఫ్ బూటెనాంట్ పోలీసుల దగ్గర సేకరించిన వేల లీటర్ల మూత్రాన్ని మరిగించి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరాన్ వేరుచేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్న్‌స్ట్ లకూర్ బృందం ఎద్దు వృషణాల నుంచే అసలు హార్మోన్‌ను తీసి టెస్టోస్టెరాన్ అని పేరుపెట్టింది. అదే ఏడాది బూటెనాంట్, లియోపోల్డ్ రుజిచ్కా విడివిడిగా కొలెస్టెరాల్ నుంచి దాన్ని తయారుచేశారు. 1939 రసాయనశాస్త్ర నోబెల్ ఆ ఇద్దరికీ దక్కింది.

ఆ సంవత్సరాల్లోనే యానాం మరో రకంగా వార్తల్లో ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి కుదరదనేది ఆ చట్టం. ఫ్రెంచి జెండా ఉన్న యానాంలో అది చెల్లేది కాదు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లలను పడవల్లో, బళ్లలో యానాం తీసుకొచ్చి మూడుముళ్లు వేయించి వెళ్లేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. రేవుకు ఒక గట్టున పిల్లవాడు పెళ్లికి తగినవాడు, ఇంకో గట్టున కాడు. సర్కారు పుట్టినరోజులు లెక్కపెడుతుంది. ఒంటికి మాత్రం ఈడు అన్న లెక్క వేరే ఉంది. ఆ లెక్క రాసే పదార్థమే సరిగ్గా ఆ రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గాజు సీసాలోకి వచ్చింది. మగపిల్లవాడికి ఈడొచ్చిందని మీసకట్టు చెబుతుంది, గొంతు చెబుతుంది. గుండె కూడా చెబుతుందని ఆ నాటికి ఎవరికీ తట్టలేదు. చెప్పగల కాగితం మాత్రం అప్పటికే తయారై ఉంది.

చిన్న గడిలో ముప్పావు

గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్తును కాగితం మీద గీతగా దించే యంత్రాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ ఐంతోవెన్ తయారుచేశాడు. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ పేటలోని ల్యాబులో సైతం తీసే ఈసీజీ అదే. ఆ కాగితం మీద ఎర్రటి గడులుంటాయి. అడ్డంగా ఒక చిన్న గడి, అంటే ఒక మిల్లీమీటరు, సెకనులో ఇరవై అయిదో వంతు, 0.04 సెకను. గీతలో మొనదేలిన భాగం జఠరికలు ముడుచుకోవడానికి వచ్చిన ఆజ్ఞ. దాని తర్వాత మెల్లగా లేచి దిగే గుట్ట, గుండె కండరం మళ్లీ విద్యుత్తు నింపుకుని తర్వాతి దెబ్బకు సిద్ధపడటం. మొన మొదలైన చోటు నుంచి గుట్ట దిగిన చోటు దాకా ఉన్న దూరాన్ని క్యూటీ వ్యవధి అంటారు.

గుండె వేగంగా కొడితే ఈ వ్యవధి తగ్గుతుంది, నెమ్మదిస్తే పెరుగుతుంది. ఆ సంబంధాన్ని 1920లో హెన్రీ కత్‌బర్ట్ బాజెట్ సూత్రంగా కట్టాడు. రెండు దెబ్బల మధ్య కాలానికి వర్గమూలం తీసి ఒక స్థిరాంకంతో హెచ్చవేయాలి. ఆ స్థిరాంకం దగ్గరే ఆయన ఆగాల్సివచ్చింది. ఒకే అంకె అందరికీ సరిపోలేదు. మగవాళ్లకు 0.37, ఆడవాళ్లకు 0.40 అని రెండు రాశాడు. నిమిషానికి అరవైసార్లు కొట్టుకునే గుండెలో ఈ తేడా 0.03 సెకను. ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడిలో ముప్పావు వంతు.

అంత చిన్న తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చిన్నపిల్లల ఈసీజీలు పెద్దసంఖ్యలో పోల్చి చూశాక జవాబు కొంత దొరికింది. పదేళ్ల లోపు ఆడపిల్లకూ మగపిల్లవాడికీ క్యూటీ ఒక్కటే. ఈడొచ్చే వయసులో మగపిల్లవాడిది కుదించుకుంటుంది. ఆడపిల్లది ఉన్నచోటే ఉంటుంది. యాభై దాటాక, మగవాళ్లలో హార్మోన్ తగ్గేకొద్దీ ఆ దూరం మళ్లీ దగ్గరపడుతుంది. అంటే ఆడవాళ్ల గుండెకు ప్రత్యేకంగా ఏదో కలగడం కాదు, మగవాళ్ల గుండెను ఏదో మారుస్తోంది. 2000లో అర్జెంటీనా వైద్యులు వృషణాలు తీసేసిన మగవాళ్ల ఈసీజీలు చూస్తే వాటి గీత ఆడవాళ్ల గీతలాగే ఉంది. పురుష హార్మోన్ ఎక్కువై గడ్డం మీసం వచ్చిన స్త్రీల గీత మగవాళ్ల గీతలా ఉంది. బెర్తోల్డ్ పుంజుల తురాయికి జరిగిందే ఇక్కడ గుండె గీతకు జరిగింది.

గుండె కణంలో జరిగేది ఇది. దెబ్బ కొట్టేటప్పుడు సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. పొటాషియం బయటికి పోతేనే కణం మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. టెస్టోస్టెరాన్ పొటాషియం దారులను వెడల్పు చేసి, కాల్షియం దారిని కాస్త బిగిస్తుంది. దాంతో కణం త్వరగా తేరుకుంటుంది. ఆ తర్వాత బయటికి పోయిన పొటాషియాన్ని లోపలికి, లోపలికి వచ్చిన సోడియాన్ని బయటికి తోడే పంపు ఒకటి అస్తమానం పనిచేస్తుండాలి. దానికి కూలి ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరుచేసినవాడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువు మొదలుపెట్టిన మనిషి. అంతకు రెండేళ్ల ముందే కండరానికి అత్యవసర ఇంధనమైన ఫాస్ఫోక్రియేటిన్‌ను ఆ ఇద్దరే బయటపెట్టారు. గుండె ప్రతి దెబ్బకూ ఖర్చయ్యేది గోదావరి బిడ్డ కనుక్కున్న ఆ ఇంధనమే.

నిద్రలో పోయినవాళ్లు

తెలుగునాట ఒకప్పుడు ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తే. రాత్రిపూట తలుపు తట్టే ఆడదయ్యాన్ని మాటతో వాయిదా వేసే ఉపాయం అది. థాయిలాండ్ ఈశాన్యంలో ఇంతకంటే గట్టి భయం ఉండేది. ఆరోగ్యంగా ఉన్న పడుచు మగవాళ్లు రాత్రి పడుకుని, నిద్రలో మూలిగి, తెల్లారేసరికి చనిపోయేవారు. విధవ దయ్యం మగవాళ్లను తీసుకుపోతోందని, కొందరు మగవాళ్లు గోళ్లకు ఎర్రరంగు వేసుకుని పడుకునేవారు. దయ్యం ఆడవాళ్లనుకుని వదిలేస్తుందని నమ్మకం. ఆ చావుకు అక్కడ లాయ్ తాయ్ అని పేరు. ఫిలిప్పీన్స్‌లో బంగుంగుత్, జపాన్‌లో పొక్కురి.

అమెరికా చేరిన ఆగ్నేయాసియా కాందిశీకుల్లో ఇలాగే జరుగుతోందని 1981 డిసెంబరులో అక్కడి అంటువ్యాధుల కేంద్రం ప్రకటించింది. నాలుగేళ్లలో 38 మరణాలు. వారిలో ఒక్కరు తప్ప అందరూ మగవాళ్లే. 1992లో స్పెయిన్‌కు చెందిన పెద్రో, జోసెప్ బ్రుగాడా సోదరులు ఎనిమిదిమంది రోగుల ఈసీజీల్లో ఒకే రకమైన వింత గీతను చూపించారు. కుడివైపు లీడ్లలో గీత పైకి లేచి జారుబండలా దిగుతోంది. గుండె ఆకారంలో లోపం లేదు, విద్యుత్తులో ఉంది. ఆ జబ్బుకు వాళ్ల పేరే వచ్చింది. లాయ్ తాయ్ కూడా ఇదేనని తర్వాత తేలింది. లోపభూయిష్టమైన జన్యువు కూతుళ్లకూ కొడుకులకూ సమానంగా వస్తుంది. జబ్బు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువగా మగవాళ్లలోనే బయటపడుతుంది.

2003లో జపాన్ వైద్యులు రాసిన రెండు కేసులు దీనికి తాళంచెవి అందించాయి. ఇద్దరు మగవాళ్లకు ఆ బ్రుగాడా గీత ఉంది. ఇద్దరికీ ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చి వృషణాలు తీసేశారు. ఆ తర్వాత తీసిన ఈసీజీలో ఆ గీత మాయమైంది. థాయిలాండ్ పల్లెలో గోళ్లకు రంగు వేసుకున్న మగవాడి భయానికి కారణం బయట లేదు, అతని రక్తంలోనే ఉంది.

ఒకే ఏడాది, రెండు సంఘటనలు

కథ ఇక్కడితో ఆగితే హార్మోన్ గుండెకు శత్రువని తేలిపోతుంది. అది నిజం కాదు.

1941లో షికాగోలో చార్ల్స్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ ప్రొస్టేట్ క్యాన్సర్ పురుష హార్మోన్ మీద బతుకుతుందని, దాన్ని ఆపేస్తే క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చూపించారు. ఆ పనికి హగిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. అదే 1966లో పారిస్‌లో ఫ్రాన్స్వా దెసెర్తెన్ అనే వైద్యుడు ఒక ముసలమ్మ ఈసీజీని అచ్చువేశాడు. ఆమె గుండె లయ తప్పి పరుగెత్తినప్పుడల్లా గీతలోని మొనలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి, తాడు పురి పెట్టినట్టు మెలి తిరుగుతున్నాయి. దానికి ఆయన తొర్సాద్ ద ప్వాంత్ అని పేరుపెట్టాడు, మొనల మెలిక అని. ప్రపంచంలోని డాక్టర్లంతా ఇవాళ దాన్ని ఆ ఫ్రెంచి పేరుతోనే పిలుస్తారు. ఫ్రాన్స్ యానాంను 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా భారత్‌కు అప్పగించింది. నాలుగేళ్లకు పుట్టిన ఆ మాట కాకినాడ ఆస్పత్రిలో వైద్య విద్యార్థి నోట కూడా పలుకుతుంది.

క్యూటీ వ్యవధి బాగా సాగినప్పుడు వచ్చే ప్రమాదమే తొర్సాద్. కొన్ని యాంటీబయాటిక్‌లు, వాంతుల మందులు, ఫంగస్ మందులు, గుండె లయ మందులు కూడా క్యూటీని సాగదీస్తాయి. అలాంటి మందుల వల్ల ఈ లయదోషం వచ్చినవారిలో మూడింట రెండొంతుల మంది స్త్రీలు. మగవాడిని కాపాడేది ఆ చిన్న గడిలో ముప్పావు వంతు పొదుపు. ప్రొస్టేట్ చికిత్సలో హార్మోన్‌ను ఆపేసినప్పుడు ఆ పొదుపు కరిగిపోతుంది. 1980ల నుంచి వృషణాలు తీసే శస్త్రచికిత్స బదులు నెలకో, మూణ్నెల్లకో ఇచ్చే సూదిమందులు వచ్చాయి. ఫలితం ఒకటే. 2018లో పారిస్‌కు చెందిన జో ఎలీ సాలెం బృందం తొర్సాద్ వచ్చిన మగవాళ్లను వరుసగా పరీక్షించింది. వాళ్లలో టెస్టోస్టెరాన్ బాగా తక్కువగా ఉన్నట్టు తేలింది. హార్మోన్ మళ్లీ పెరిగాక క్యూటీ కుదించుకుంది. మరుసటి ఏడాది ఆ బృందమే మందుల దుష్ఫలితాల అంతర్జాతీయ నమోదు లెక్కలు తిరగేసి, హార్మోన్ అణిచే మందులకూ ఈ లయదోషానికీ ఉన్న లంకెను చూపించింది.

బ్రౌన్ సెకార్ కూర్చున్న ఊళ్లోనే, నూట ముప్పై ఏళ్ల తర్వాత, ఆయన వెతికినది గుండెకు నిజంగా ఏం చేస్తుందో తేలింది.

జెల్ పూసుకున్నవాళ్లు

ఇంకో లయదోషం దీనికంటే చాలా సాధారణం. గుండె పై గదులు, అంటే కర్ణికలు, ముడుచుకోవడం మాని కంపించడం మొదలుపెడతాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వేళ్ల కింద నాడి ఒక వరుస లేకుండా దొర్లుతుంది. గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఒకే వయసు మగవాళ్లనూ ఆడవాళ్లనూ పోలిస్తే ఇది మగవాళ్లకే ఎక్కువగా వస్తుందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చాలాకాలం కిందటే చెప్పింది. 2014లో అదే అధ్యయనం మరో మాట చేర్చింది. 55 దాటిన మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తక్కువైనవారికి ఈ ముప్పు పెరుగుతోంది.

తక్కువైతే ముప్పు అన్నప్పుడు కలిపితే పోతుందని అనుకోవడం సహజం. సుశ్రుతుడి పాలనుంచి పారిస్ సీసాల దాకా నడిచిన ఆలోచన అదే. 2023లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనం దాన్ని నిలదీసింది. 45 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి, హార్మోన్ నిజంగానే తక్కువ ఉండి, గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే ముప్పున్న 5,246 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు టెస్టోస్టెరాన్ జెల్ పూసుకుంది, రెండో జట్టు మందు లేని జెల్. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే రెండు జట్లకూ పెద్ద తేడా లేదు, ఏడు శాతం దగ్గరే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మాత్రం జెల్ పూసుకున్నవారిలో 3.5 శాతం, మిగతావారిలో 2.4 శాతం. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆరోగ్యవంతులైన నాలుగున్నర వేలమంది మగవాళ్ల మీద వచ్చిన విశ్లేషణలోనూ, టెస్టోస్టెరాన్ పైమెట్టున ఉన్నవారికే ఈ లయదోషం ఎక్కువగా వచ్చింది.

తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. డెల్టా రైతు చేనుకు నీళ్లు పెట్టే లెక్క ఇది. కాలువ ఎండినా పైరు పోతుంది, గట్టు తెగినా పోతుంది. మగసిరి మందుల వ్యాపారం మాత్రం వందల ఏళ్లుగా ఒక్క దిక్కే చూపిస్తోంది. బస్టాండ్ గోడల మీద ప్రకటనలు, జిమ్‌లో చేతులు మారే సీసాలు, ఏం కలిపారో చీటీ కూడా లేని లేహ్యాలు, అన్నిటిదీ ఒకే పాట. టెస్టోస్టెరాన్ డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. కండ పెంచుకోవడానికి కుర్రాళ్లు వేసుకునే మోతాదులు చికిత్సకు ఇచ్చేదానికి ఎన్నో రెట్లు. వాటికి గుండె కండరం మందమెక్కుతుంది, లయ చెదురుతుంది.

ఇది గోదావరి జిల్లాలకు దూరంగా ఉన్న సంగతి కాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, లక్షా ఎనభైవేల జనాభాలో, ఒక ఏడాది జరిగిన 1,354 మరణాలను ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ఇంటింటికీ వెళ్లి విచారించింది. పోయినవారి మనుషులను కూర్చోబెట్టి ఏం జరిగిందో అడిగి కారణం నిర్ధారించింది. అంటురోగాలు 12 శాతం. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం. కలరాకు, మన్నెం జ్వరానికి భయపడిన పల్లెలు గుండెతో పోతున్నాయని అప్పుడే మొదటిసారి ఇంత స్పష్టంగా లెక్క తేలింది.

అలాంటి పల్లెలో ఒక పెద్దాయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలి హార్మోన్ సూది మొదలుపెట్టేముందు అడగాల్సినవి మూడే. ఒక ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఇంట్లో వేసుకుంటున్న మందుల చీటీలన్నీ. విరేచనాలతో పొటాషియం పడిపోయిన రోజున వాంతుల మందో, ఇంకో యాంటీబయాటికో కలిసిందంటే పరీక్ష మళ్లీ చేయాలి. సూది మానమని కాదు. ఆ సూది ఎందరి ఆయువో పెంచింది. గుండె పొదుపు కరిగిందని తెలిసినవాడు ఖర్చు చూసుకుంటాడు, అంతే. జెల్ అడిగే యాభై ఏళ్లాయనకూ ఇదే వర్తిస్తుంది. ముందు హార్మోన్ నిజంగా తక్కువ ఉందో లేదో పొద్దుటిపూట రక్తం తీసి, ఒకటికి రెండుసార్లు చూడాలి. తర్వాత నాడి చూడాలి.

నాడి చూడటం మళ్లీ వైద్యంలోకి వచ్చింది. అరవై అయిదు దాటినవారు ఏ పనిమీద వచ్చినా మణికట్టు పట్టుకుని లయ చూడమని యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేళ్లు అవే మూడు, చోటు అదే. కుడిచేయైనా ఎడమచేయైనా ఒకటే. లయ చెదిరిందనిపిస్తే ఈసీజీ తీస్తారు. ఛాతీ మీద జిగురు రాసి తీగలు అంటించేముందు టెక్నీషియన్ పడుకున్న మనిషిని రెండు ప్రశ్నలు అడిగి యంత్రంలోకి ఎక్కిస్తాడు: వయసు, మగ లేక ఆడ. ఆ రెండో జవాబు పడ్డాకే యంత్రం క్యూటీ హద్దు ఎక్కడ గీయాలో తేల్చుకుంటుంది.